కంప్యూటర్ గడియారం తప్పకుండా నడవాలంటే: స్వచ్ఛంద సమయ సర్వర్లను వాడుకునే పద్ధతి

హనుమకొండలోనో కాజీపేటలోనో ఏదైనా నెట్ సెంటర్‌కు వెళ్ళినప్పుడు, వరుసగా పెట్టిన కంప్యూటర్ల తెరల మీద కుడివైపు కింది మూలన కనిపించే సమయాలను ఒకదానితో ఒకటి పోల్చి చూడండి. ఒకటి రెండు నిమిషాలు ముందుండటం, దాని పక్కది అర నిమిషం వెనుకబడి ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఇంత చిన్న తేడాతో నష్టమేముందని చాలామంది వదిలేస్తారు కానీ, అది వదిలేయదగిన విషయం కాదని నా గట్టి అభిప్రాయం. తత్కాల్ టికెట్ల బుకింగ్ ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, ఏసీ లేని తరగతులకు 11 గంటలకు మొదలవుతుంది. నలభై సెకన్లు వెనుకబడిన గడియారాన్ని నమ్ముకుని కూర్చున్నవారికి ఆ నలభై సెకన్లలోనే సీట్లు అయిపోవచ్చు. 30 సెకన్లకొకసారి మారే భద్రతా కోడ్‌ను కంప్యూటర్‌లోనే తయారుచేసే యాప్ వాడేవారికి, గడియారం తప్పితే కోడ్ చెల్లదు. తేదీ ఏళ్ళ వెనక్కి పోయిన కంప్యూటర్‌లో బ్యాంకు వెబ్‌సైట్ తెరవబోతే, సైటు భద్రతా పత్రం చెల్లదని బ్రౌజర్ అడ్డుకుంటుంది. ఇక ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక దుకాణంలో దొంగతనం జరిగి, సీసీ కెమెరా దృశ్యంలోని సమయానికీ అసలు సమయానికీ పావుగంట తేడా ఉందని తేలితే, ఆ దృశ్యాన్ని పక్క దుకాణాల కెమెరాలతో జతపరచడమే పోలీసులకు పెద్ద పని అవుతుంది.

ఈ తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే, దాన్ని సరిచేసే పద్ధతి సులభంగా అర్థమవుతుంది. కంప్యూటర్ ఆపివేసినప్పుడు కూడా నడిచే చిన్న గడియారం ఒకటి మదర్‌బోర్డు మీద ఉంటుంది. సెకనుకు 32,768 సార్లు కంపించే ఒక క్వార్ట్జ్ స్ఫటికం దాన్ని నడిపిస్తుంది. దానికి కావలసిన కరెంటు సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ నుంచి వస్తుంది. మామూలు స్ఫటికం పది లక్షల్లో ఇరవై వంతుల మేర తప్పడం సహజం. వినడానికి అది చాలా చిన్నదే అయినా రోజుకు 86,400 సెకన్లు కనుక, లెక్కవేస్తే రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 50 సెకన్లు అవుతుంది. ఈ రకం స్ఫటికం 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరిగా నడిచేలా తయారవుతుంది. వేడి పెరిగినా, చలి పెరిగినా నెమ్మదిస్తుంది. మే నెలలో వరంగల్, రామగుండం ప్రాంతాల ఎండ సంగతి మనకు చెప్పనక్కర్లేదు. షట్టరు దించి, ఫ్యానైనా లేకుండా మూసి ఉంచిన గదిలో 45 డిగ్రీల వేడి ఉందంటే, ఆ వేడి ఒక్కదాని వల్లనే గడియారం రోజుకు ఒక సెకను కంటే కొంచెం ఎక్కువే వెనుకబడుతుంది. బిళ్ళ బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్‌లోనైతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ మదర్‌బోర్డు తయారైన నాటి ఏడాదికో, మరో పాత ఏడాదికో వెళ్ళిపోతుంది. అటువంటి యంత్రానికి మొదటి చికిత్స బ్యాటరీ మార్చడమే, దాని ఖరీదు కూడా తక్కువే. ఆ పని చేయకుండా కింద చెప్పబోయే అమరికలు ఎన్ని చేసినా ఇబ్బంది మళ్ళీ మళ్ళీ వస్తుంది.

చాలామంది సెల్‌ఫోన్ చూసి, కంప్యూటర్ సమయాన్ని చేత్తో మారుస్తారు. ఆ రోజుకు అది సరిపోతుంది, నెల తిరిగేసరికి తేడా మళ్ళీ మొదటికొస్తుంది. గడియారం తనంతట తాను, ఎవరూ గుర్తుచేయకుండా, రోజంతా సరిదిద్దుకుంటూ ఉండాలి. అందుకు ఉన్న ఏర్పాటు పేరు నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, క్లుప్తంగా ఎన్‌టీపీ. అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్ దీని రూపకర్త. దీని మొదటి ప్రమాణ పత్రం 1985లో వెలువడింది, నేడు అమలులో ఉన్న నాలుగో సంచిక 2010లో వచ్చింది. మిల్స్ 2024 జనవరిలో కన్నుమూశారు.

ఎన్‌టీపీ చేసే పని ఒక ఉదాహరణతో చూద్దాం. మీ కంప్యూటర్ తన గడియారం ప్రకారం సరిగ్గా 10 గంటలకు, ఇంటర్నెట్‌లో సమయం చెప్పే వేరే కంప్యూటర్‌కు, అంటే సమయ సర్వర్‌కు, ఒక ప్రశ్న పంపిందనుకుందాం. అది చేరినప్పుడు సర్వర్ గడియారంలో 10 గంటల 2.030 సెకన్లయింది. సర్వర్ జవాబు పంపినప్పుడు 10 గంటల 2.031 సెకన్లయింది. ఆ జవాబు మీకు అందేసరికి మీ గడియారంలో 10 గంటల 0.061 సెకన్లయింది. మీ వైపు గడిచిన మొత్తం కాలం 0.061 సెకన్లు, అందులో సర్వర్ దగ్గర గడిచిన 0.001 తీసేస్తే, రానుపోను ప్రయాణానికి పట్టింది 0.060 సెకన్లు. పోవడానికీ రావడానికీ సమానంగా పట్టిందనుకుంటే ఒక్కో వైపుకు 0.030. అంటే సర్వర్ తన గడియారంలో 2.030 చూసిన క్షణానికి మీ గడియారంలో 0.030 మాత్రమే అయింది కనుక, మీరు సరిగ్గా 2 సెకన్లు వెనుకబడి ఉన్నారు. రెండు వైపులా సమానంగా పట్టిందన్నది ఊహ మాత్రమే. ఒక వైపు దారి రద్దీగా ఉంటే లెక్కలో కొంత తప్పు వస్తుంది, అయితే ఆ తప్పు ప్రయాణ కాలంలో సగాన్ని, అంటే ఇక్కడ 0.030 సెకన్లను మించదు. దూరపు సర్వర్ కంటే దగ్గరి సర్వర్ మేలని చెప్పడానికి కారణం ఇదే. ఇంత పనికీ అటూ ఇటూ పోయే సమాచారం 48 బైట్ల చొప్పున మాత్రమే. ఎంత నెమ్మదైన ఇంటర్నెట్ అయినా దీనికి సరిపోతుంది.

సమయం చెప్పే ఈ సర్వర్లు ఎవరివి అన్నది తర్వాతి ప్రశ్న. అసలు గడియారానికి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదాన్ని బట్టి వీటిని అంతస్తులుగా లెక్కిస్తారు. పరమాణు గడియారాలు, ఉపగ్రహాల సంకేతాలు అందుకునే రిసీవర్లు సున్నా అంతస్తులో ఉంటాయి; వాటికి నేరుగా కలిపిన సర్వర్లు ఒకటో అంతస్తులో, వాటిని అడిగి తెలుసుకునేవి రెండో అంతస్తులో, ఇలా 15 వరకు లెక్క సాగుతుంది. 16 అని కనబడితే ఆ గడియారం దేనితోనూ సరిచూసుకోలేదని అర్థం. ఒకప్పుడు ఒకటో అంతస్తు సర్వర్లు కొన్నే ఉండేవి, అవి ఎక్కువగా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలవే, ప్రపంచమంతా వాటి మీదే పడేది. 2003లో ఒక సంఘటన జరిగింది. నెట్‌గేర్ కంపెనీ తయారుచేసిన కొన్ని రౌటర్లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు సమయ సర్వర్ చిరునామా ఫ్యాక్టరీలోనే రాసిపెట్టి ఉంది. జవాబు రాకపోతే సెకనుకొకసారి మళ్ళీ అడిగేలా కూడా వాటి అమరిక ఉంది. లక్షల రౌటర్లు అలా అడగడంతో ఆ విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్ తట్టుకోలేని స్థితికి వచ్చింది.

అదే 2003 జనవరిలో, ఈ భారం ఒకరిద్దరి మీద పడకుండా పంచాలన్న ఆలోచనతో ఆడ్రియన్ ఫాన్ బిడర్ ఎన్‌టీపీ పూల్‌ను మొదలుపెట్టారు. 2005 నుంచి దాన్ని ఆస్క్ బ్యోర్న్ హాన్సెన్ నిర్వహిస్తున్నారు. కొన్ని వేల సర్వర్లు అందులో ఉన్నాయి. వ్యక్తులు, కళాశాలలు, చిన్నా పెద్దా సంస్థలు తమ యంత్రాలను, తమ ఇంటర్నెట్‌ను ఇందుకోసం ఇచ్చాయి, ఎవరి నుంచీ రుసుము తీసుకోవు. మీరు 'పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్' అనే పేరును అడిగినప్పుడు, పేర్లను చిరునామాలుగా మార్చి చెప్పే దాని డీఎన్ఎస్ సర్వర్ ఆ క్షణానికి బాగా పనిచేస్తున్న కొన్ని సర్వర్ల చిరునామాలను ఇస్తుంది. కాసేపాగి అడిగితే వేరే చిరునామాలు వస్తాయి. పూల్ పర్యవేక్షణ యంత్రాలు ప్రతి సర్వర్‌నూ తరచుగా పరీక్షించి మార్కులు వేస్తాయి. గరిష్ఠం 20, మార్కులు 10 కంటే దిగజారిన సర్వర్‌ను జాబితా నుంచి తప్పిస్తాయి, కోలుకున్నాక మళ్ళీ చేరుస్తాయి. ముక్కూ మొహం తెలియనివారు ఏ ప్రతిఫలమూ ఆశించకుండా ఇస్తున్న సేవ ఇది కాబట్టి, దాన్ని వాడుకునే తీరులో కూడా మర్యాద ఉండాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

విండోస్‌లో అమరిక

ముందుగా టైమ్ జోన్ చూడండి. ఎన్‌టీపీ చెప్పేది విశ్వ సమయం మాత్రమే. దానికి ఐదున్నర గంటలు కలిపి భారత సమయంగా చూపడం మీ కంప్యూటర్ పని. కాబట్టి సెట్టింగ్స్‌లోని 'డేట్ అండ్ టైమ్' పేజీలో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ పేర్లున్న +05:30 జోన్ ఎంచుకుని ఉండాలి. అది తప్పుగా ఉంటే సర్వర్ ఎంత సరిగా చెప్పినా తెర మీద తప్పే కనిపిస్తుంది.

తర్వాత కంట్రోల్ ప్యానెల్ తెరిచి, 'డేట్ అండ్ టైమ్'లో 'ఇంటర్నెట్ టైమ్' అనే ట్యాబ్‌కు వెళ్ళి, 'చేంజ్ సెట్టింగ్స్' నొక్కండి. సర్వర్ పేరు రాసే గడిలో మైక్రోసాఫ్ట్ వారి సర్వర్ పేరు ఉంటుంది. దాన్ని తీసేసి 'ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా టైప్ చేసి, 'అప్‌డేట్ నౌ' నొక్కండి. మొదట్లోని 'ఇన్' మన దేశపు జోన్‌ను, అంటే పూల్‌లో మన దేశపు సర్వర్ల విభాగాన్ని సూచిస్తుంది; ఇది టైమ్ జోన్ కాదు. మొదటిసారి విఫలమైందన్న సందేశం వస్తే కంగారుపడకుండా ఒక నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించండి, చాలాసార్లు రెండోసారికి అవుతుంది. అప్పటికీ కాకపోతే, సర్వీసుల జాబితాలో 'విండోస్ టైమ్' అనే సర్వీసు ఆగిపోయి ఉందేమో చూసి, దాన్ని 'ఆటోమేటిక్'గా మార్చి నడిపించండి. సర్వీసు నడుస్తున్నా జవాబు రాకపోతే, ఫైర్‌వాల్ గానీ రౌటర్ గానీ ఎన్‌టీపీ ప్రశ్నలూ జవాబులూ పోయే దారిని, అంటే యూడీపీ 123 పోర్ట్‌ను అడ్డుకుంటున్నట్టు అనుమానించాలి. కళాశాలల హాస్టళ్ళలో, కొన్ని కార్యాలయాల్లో ఈ పోర్ట్‌ను మూసి ఉంచుతారు. అక్కడ నెట్‌వర్క్ చూసే వారిని అడిగి, లోపల ఏదైనా సమయ సర్వర్ ఉంటే దాని పేరు తీసుకోవడమే సరైన దారి.

నెట్ సెంటర్లలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. గడియారం 15 గంటలకు మించి తప్పి ఉంటే, మామూలు అమరికలో ఉన్న విండోస్ సర్వర్ మాటను నమ్మకుండా సరిదిద్దడానికి నిరాకరిస్తుంది. బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ళ వెనక్కి పోయిన కంప్యూటర్‌లో 'అప్‌డేట్ నౌ' ఎన్నిసార్లు నొక్కినా ఫలితం లేకపోవడానికి ఇది ముఖ్య కారణం. ముందు తేదీనీ, గంటనూ చేత్తో సుమారుగా సరిచేసి, ఆ తర్వాత నొక్కాలి.

లినక్స్‌లో అమరిక

ఉబుంటు 25.10కు ముందు సంచికలు వాడేవారికి 'టైమ్‌సింక్‌డీ' అనే చిన్న ప్రోగ్రామ్ వ్యవస్థతో పాటే వచ్చి ఉంటుంది. ఆదేశాలు రాసే టెర్మినల్ తెరలో 'టైమ్‌డేట్‌సీటీఎల్' అని టైప్ చేస్తే టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతాగా ఉందో లేదో, గడియారం సర్వర్‌తో సరిపోలిందో లేదో తెలుస్తుంది. ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నవారికి అది చాలు. అయితే ఆ ప్రోగ్రామ్ ఒక సమయంలో ఒక్క సర్వర్‌నే అడుగుతుంది. ఆ సర్వర్ తప్పు చెబితే తప్పునే నమ్ముతుంది. అందుకే ల్యాబుల్లో, కార్యాలయాల్లో 'క్రోనీ' అనే ప్రోగ్రామ్‌ను పెట్టుకోమని నా సలహా. తరచూ కరెంటు పోయే చోట్ల, ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉండే చోట్ల క్రోనీ మరింత బాగా పనిచేస్తుంది. మీ గడియారం రోజుకు ఎంత తప్పుతోందో అది కొలిచి, ఒక ఫైలులో రాసుకుని, సర్వర్ అందుబాటులో లేనప్పుడు కూడా ఆ లెక్క ప్రకారం దిద్దుతూ ఉంటుంది.

క్రోనీ అమరిక ఫైలులో 'పూల్' అనే మాటతో మొదలయ్యే వరుసలో మన దేశపు జోన్ పేరు రాసి, చివర 'ఐబర్స్ట్' అని చేర్చండి. దాంతో మొదలైన కొద్ది సెకన్లలోనే నాలుగు ప్రశ్నలు వెంటవెంటనే వెళ్ళి సమయం త్వరగా కుదురుకుంటుంది, తర్వాత ప్రశ్నల వేగం దానంతటదే తగ్గుతుంది. పూల్ అన్న వరుస ఒక్కటే అయినా క్రోనీ దాని నుంచి నాలుగు సర్వర్ల వరకు ఎంచుకుంటుంది. నాలుగు ఎందుకంటే, రెండు సర్వర్లు రెండు రకాలుగా చెబితే ఎవరి మాట నిజమో తేల్చలేము. మూడుంటే ఇద్దరు కలిసి మూడోవారి తప్పును పట్టిస్తారు. ఆ ముగ్గురిలో ఒకరు అందుబాటులో లేకుండా పోతే మళ్ళీ ఇద్దరే మిగులుతారు. నాలుగో సర్వర్ ఉంటే ఆ స్థితి రాదు. పెద్ద తేడా ఉన్నప్పుడు యంత్రం మొదలవగానే ఒక్కసారిగా దిద్దే 'మేక్‌స్టెప్' వరుస చాలా రకాల లినక్స్‌లలో ముందే రాసి ఉంటుంది, లేకపోతే '1.0 3' అనే అంకెలతో చేర్చుకోవాలి. మొదటి మూడు సవరణల్లో తేడా ఒక సెకను దాటితే గడియారాన్ని ఒకేసారి జరుపు, ఆ తర్వాత మాత్రం మెల్లమెల్లగా దిద్దు అని దాని అర్థం. పని మధ్యలో సమయం హఠాత్తుగా వెనక్కి గెంతితే డేటాబేస్‌లు, లావాదేవీల నమోదులు చిక్కుల్లో పడతాయి కనుక ఈ జాగ్రత్త అవసరం.

అమరిక అయ్యాక 'క్రోనీసీ సోర్సెస్' అని అడిగితే సర్వర్ల జాబితా కనిపిస్తుంది. దీన్ని చదవడం నేర్చుకోవడం మంచిది. పేరుకు ముందు నక్షత్రం గుర్తు ఉన్న సర్వర్‌తో ఇప్పుడు సరిచూసుకుంటున్నట్టు. కూడిక గుర్తున్నవి దానికి తోడుగా లెక్కలోకి వచ్చినవి. ప్రశ్నార్థకం ఉన్నవాటితో ఇంకా సంబంధం కుదరలేదు. ఎక్స్ అక్షరం ఉన్న సర్వర్ మిగతావాటికి భిన్నంగా తప్పు సమయం చెబుతోందని క్రోనీ పక్కన పెట్టినట్టు. 'రీచ్' అనే నిలువు వరుసలో 377 కనిపిస్తే చివరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చిందని అర్థం. అది 377 కాకుండా ఎప్పుడూ ఏదో చిన్న అంకె దగ్గర ఊగిసలాడుతుంటే, లోపం సర్వర్‌లో కాకుండా మీ ఇంటర్నెట్‌లో ఉండే అవకాశమే ఎక్కువ.

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్న ఇంజినీరింగ్ విద్యార్థులకు సరిగ్గా ఐదున్నర గంటల తేడా ఎదురవుతుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ భావిస్తుంది, విశ్వ సమయమని లినక్స్ భావిస్తుంది. సర్వర్‌ను నిందించకుండా ఈ రెంటిలో ఒకదాని అలవాటు మార్చాలి. విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో 'రియల్‌టైమ్ ఈజ్ యూనివర్సల్' విలువను 1గా పెట్టి విండోస్‌నే విశ్వ సమయానికి మార్చడం నాకు సరైనదిగా తోస్తుంది. రిజిస్ట్రీ జోలికి పోవడం ఇష్టం లేనివారు 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' ఆదేశంతో లినక్స్‌ను స్థానిక సమయానికి మార్చవచ్చు.

సీసీ కెమెరా రికార్డర్‌లో కూడా నెట్‌వర్క్ అమరికల్లో ఎన్‌టీపీ పేజీ ఉంటుంది: సర్వర్ పేరు పై విధంగా, పోర్ట్ 123, టైమ్ జోన్ +05:30. రికార్డర్‌కు ఇంటర్నెట్, డీఎన్ఎస్ అందుతున్నాయో లేదో చూసుకోండి, పని అంతే.

వాడుకోవడంలో మర్యాద

ఒక డిగ్రీ కళాశాల ల్యాబులో 60 కంప్యూటర్లుంటే, 60 కూడా పూల్‌ను అడగడం సరికాదు. ఒక్క యంత్రంలో క్రోనీ పెట్టి, దాని అమరికలో 'అలో' అన్న వరుసతో మీ లోపలి నెట్‌వర్క్‌కు అనుమతి ఇచ్చి, మిగతా 59 యంత్రాలకు ఆ ఒక్కదాని చిరునామా ఇవ్వండి. పూల్ మీద భారం తగ్గుతుంది, బయటి ఇంటర్నెట్ పోయినా ల్యాబులోని గడియారాలన్నీ ఒకే మాట మీద ఉంటాయి. ఆన్‌లైన్ పరీక్షలు పెట్టేవారికి ఈ రెండో లాభం చాలా విలువైనది.

సమయం అడిగే చిన్న స్క్రిప్టు రాసి, దాన్ని ప్రతి గంటా సున్నా నిమిషానికి నడిచేలా పెట్టే అలవాటు కొందరిలో ఉంది. దయచేసి అలా చేయకండి. ప్రపంచంలో ఎందరో అదే క్షణాన్ని ఎంచుకోవడం వల్ల ఆ ఒక్క సెకనులో స్వచ్ఛంద సర్వర్ల మీద వెల్లువ పడుతుంది. క్రోనీ తనకు తానుగా 64 సెకన్ల నుంచి 1024 సెకన్ల వరకు వ్యవధిని సర్దుకుంటుంది, దాన్ని బలవంతంగా తగ్గించే అవసరం దాదాపు ఎవరికీ ఉండదు. మీరు ఏదైనా పరికరాన్నో సాఫ్ట్‌వేర్‌నో తయారుచేసి అమ్మేవారైతే, పూల్ సాధారణ పేరును అందులో రాసిపెట్టకుండా, తయారీదారుల కోసం పూల్ ఇచ్చే ప్రత్యేక జోన్ పేరు అడిగి తీసుకోవాలి.

కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు, డేటా సెంటర్లు మరొక నియమం గుర్తుంచుకోవాలి. దేశ సైబర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అవి తమ గడియారాలను నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సమయ సర్వర్లతో గానీ, వాటితో సరిచూసుకున్న సర్వర్లతో గానీ కలపాలి. భారత ప్రామాణిక సమయాన్ని నిర్వహించేది న్యూఢిల్లీలోని ఆ ఫిజికల్ లాబొరేటరీయే. కాబట్టి మడికొండ ఐటీ పార్కులోని ఒక కంపెనీకి పూల్ ఒక్కటే చాలదు. అంతేకాక పూల్ సర్వర్ల జవాబుకు డిజిటల్ ధ్రువీకరణ ఉండదు. డబ్బు లావాదేవీల సమయం నమోదు చేసే చోట ఇది గుర్తుంచుకోవలసిన విషయం. ఇంట్లో, బడిలో, దుకాణంలో ఉన్న కంప్యూటర్‌కు పూల్ నిశ్చింతగా సరిపోతుంది.

పూల్‌లో చేరాలనుకునేవారికి

యూరప్ దేశాల జోన్లతో పోలిస్తే మన దేశపు జోన్‌లో సర్వర్లు చాలా తక్కువ, అడిగేవారు మాత్రం చాలా ఎక్కువ. కాబట్టి ఇక్కడ ఒక్క సర్వర్ చేరినా మేలే. మారని పబ్లిక్ ఐపీ చిరునామా, రాత్రింబవళ్ళు ఆగకుండా నడిచే యంత్రం, ఇన్వర్టర్ లేదా యూపీఎస్ ఉండాలి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో చాలాసార్లు ఒకే పబ్లిక్ చిరునామాను ఎందరో పంచుకుంటారు కనుక అది పనికిరాదు; కళాశాల నెట్‌వర్క్, లేదా దేశంలోనే ఉన్న అద్దె సర్వర్ అనువైనవి. మీ సర్వర్ సమయం తెచ్చుకోవలసింది పూల్ నుంచి కాదు; బాగా తెలిసిన నాలుగైదు స్థిరమైన సర్వర్లను ఎంచుకుని, వాటి యజమానుల నియమాలు చదివి పేర్లు రాయాలి. పూల్‌లో నమోదు చేసేటప్పుడు మీ ఇంటర్నెట్ వేగాన్ని అడుగుతారు. మన జోన్‌లో రద్దీ ఎక్కువ కాబట్టి మొదట తక్కువ వేగం ఎంచుకుని, రౌటర్ తట్టుకుంటోందని తేలాక పెంచడం మంచిది. మానేయాలనుకున్న రోజున ముందుగా నమోదు రద్దుచేసి, యంత్రాన్ని మాత్రం ఇంకొంతకాలం నడపాలి. పాత చిరునామాను గుర్తుపెట్టుకున్న కంప్యూటర్లు వారాలు, కొన్నిసార్లు నెలల తరబడి మీ సర్వర్‌నే అడుగుతూ ఉంటాయి.